పౌడరు రాసుకోని చేతులు

ఏళ్ల తరబడి ఈ మాటను మింగలేక కక్కలేక మోస్తున్నాను. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెబుతున్నాను.

మాది తమిళనాడులో కెలమంగలం పక్కన పల్లె. ఇంట్లో పట్టుపురుగులు పెంచుతాం. ప్లస్ టూ మార్కులకు పెద్ద కాలేజీలు దొరక్క, కృష్ణగిరిలో ఒక కమ్యూనిటీ కాలేజీలో డిప్లొమాకు చేరాను. అక్కడ చీర్‌లీడింగ్ జట్టుండేది. క్రికెట్ మైదానంలో చిందులేసేది అనుకునేరు, అది కాదు. కిందివాళ్లం ఎత్తిపట్టుకుంటే పైనున్న పిల్ల మా అరచేతుల మీద నిలబడాలి. "కాలేజీకి పోయి గారడీ నేర్చుకుంటా ఉండావా?" అని మా అవ్వ ఎగతాళి చేసేది. కానీ పోటీలో నెగ్గితే క్రీడల కోటాలో బెంగళూరులో డిగ్రీ సీటు వస్తుంది. నాకూ మంజులకూ పై చదువుకు అదొక్కటే దారి. పైన నిలబడేది మంజుల. కింద పట్టుకునేది నేను.

ఎత్తేముందు చెమటకు జారకుండా చేతులకు పౌడరు రాసుకోవాలి. పోటీకి పోయే జట్టు ఎంపిక రోజు నేను రాసుకోలేదు. ఇంట్లో పురుగులు ఇంకో రెండు మూడు రోజుల్లో గూడు కట్టేలా ఉన్నాయి. వాసన పౌడరు ముట్టిన చేత్తో మల్బరీ ఆకు వేస్తే అవి చస్తాయని అమ్మ భయం, నాకూ భయమే. సబ్బుతో కడుక్కుంటే పోయేది కదా? పోయేదే. ఒక్కరోజుకు ఏమవుతుందిలే అనుకున్నాను.

మంజుల పాదం నా చేతుల్లోంచి జారింది. కింద పడి మణికట్టు విరిగింది.

"ఎట్లా పడిందమ్మా?" అన్నాడు కోచ్ సార్.

"కాలు సరిగా పెట్టలేదు సార్," అన్నాను.

మంజుల నొప్పితో ఏడుస్తూనే, "అవును సార్, నేనే తప్పు పెట్టినానేమో," అంది. ఛీ! నా మాట నమ్మి తననే అనుమానించుకుంది.

ఆమెను జట్టులోంచి తీసేశారు. ఆమె చదువు మానేసి హోసూరులో ఫ్యాక్టరీ పనికి పోయింది. జట్టు పోటీలో నెగ్గింది, బెంగళూరు సీటు నాకొచ్చింది. భయంతో అన్నానా, సీటు మీద ఆశతో అన్నానా అని ఎన్నిసార్లు నన్ను నేను నిలదీసుకున్నా, చివరికి రెండూ ఉన్నాయనే తేలేది, రెండూ ఉన్నాయని తెలిశాక కూడా నోరు మూసుకునే ఉన్నాను.

మొన్న ఆదివారం హోసూరు బస్టాండులో మంజులను కలిసి అంతా చెప్పేశాను. క్షమించమని అడగలేదు. అడగడానికి నాకు మొహమేది? ఆమె ఎదుటే కోచ్ సార్‌కు ఫోన్ చేసి అదే చెప్పాను. ఆయన అంతా విన్నాడు. తర్వాత, "ఫోను ఆ పిల్లకియ్యమ్మా," అన్నాడు. కాలేజీ సాయంత్రం బ్యాచిలో పనికి పోయేవాళ్లు కూడా ఏ వయసులోనైనా చేరొచ్చని, జట్టుకు మనుషులు కావాలని ఆమెతో అన్నాడట.

మంజుల ఫోను నా చేతిలో పెట్టింది.

"నేను పోతాను. నువ్వు మాత్రం ఆడికి రాబాకు."

సరేనన్నాను. ఆమె వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. నేను ఆ జనంలోనే నిలబడి, ఎన్నాళ్లకో గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాను.