దారంతో కొలిచిన ఢిల్లీ

డెబ్బైల చివర్లో వరంగల్‌లో ఒక ఆడపిల్లల బడిలో నేను సాంఘికశాస్త్రం చెప్పేదాన్ని. పటం మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి, దాన్ని స్కేలు పక్కన పెట్టి విమాన దూరం కట్టడం బాగా నేర్పుతానని నాకు పేరు. విమానాన్ని మాత్రం తలెత్తి ఆకాశంలో చూడటమే. నా ప్రయాణాలన్నీ రైల్లో, అవీ మహా అయితే హైదరాబాదు దాకా.

ఒక వేసవి సెలవుల్లో మా హిందీ టీచర్ హైదరాబాదులో ఢిల్లీ విమానం ఎక్కింది. నాకన్నా ఆరేళ్లు చిన్నది, నన్ను అక్కా అనేది. ఢిల్లీలో ఉద్యోగం చేసే వాళ్ల అన్న టికెట్ కొని పంపాడు. బడి తెరిచిన రోజు స్టాఫ్‌రూంలో అందరూ ఆమె చుట్టూ మూగారు. నేరుగా పోయే దాంట్లో సీటు దొరకక బొంబాయిలో దిగి ఇంకో విమానం ఎక్కిందట. మబ్బులు కాళ్ల కింద కనబడ్డాయట. నేను హాజరుపట్టీలోంచి తల ఎత్తలేదు.

"అక్కా, జర ఇటు రా. నీకు చెప్పాల్నని ఎంత అనుకున్ననో," అంది.

"నాకు క్లాసున్నది," అన్నాను. ఆ గంట నాకు క్లాసు లేదు.

తర్వాత ఏడో తరగతి పిల్లలు నా పీరియడ్‌లోనే ఆమె ముచ్చట్లు చెప్పుకోసాగారు. ఇన్నేళ్లు దారం పట్టుకుని తిప్పలు పడింది నేను. వాళ్ల కళ్లు మెరిసింది ఆమె మాటలకు.

పరీక్షలో హైదరాబాదు నుంచి ఢిల్లీకి విమాన దూరం కొలవమన్నాను. దాదాపు అందరూ పన్నెండు వందల యాభై కిలోమీటర్లకు అటూ ఇటూగా రాశారు. మా ఊళ్లోనే కాశిబుగ్గ పేట నుంచి వచ్చే నేతవాళ్ల అమ్మాయి ఒకతె మాత్రం పదిహేడు వందల పైన వేసి, కింద ఇలా రాసింది: 'మా హిందీ టీచర్ బొంబాయి మీదుగా పోయారు. అందుకని దారం అక్కడ మలిపి కొలిచాను.' ఎర్ర సిరాతో సున్నా చుట్టాను. గట్టిగా నొక్కడంతో కాగితం అవతలి వైపు కూడా అచ్చు పడింది.

రెండు రోజులకు హిందీ టీచర్ ఆ పేపరు పట్టుకుని వచ్చింది. గొడవకే అనుకున్నాను.

"నా ముచ్చట విని పిల్ల తప్పు రాసింది గదా అక్కా. ఏడుస్తాంది. అసలు ఎట్ల కొలువాల్నో జర నాకు చూపియ్యి, నేనే దానికి చెప్త."

పటం పరిచి దారం ఆమె చేతికే ఇచ్చాను. ముందు నేరుగా కొలిచింది. తర్వాత బొంబాయి మీదుగా. పిల్ల రాసిన సంఖ్యే వచ్చింది.

"ఇంత దూరం పోయిననా నేను?" అని నన్నే అడిగింది.

"పోయినవ్. పిల్ల లెక్క తప్పు గాదు. నేనే కోపంల సున్నా పెట్టిన."

"దాని మీద కోపమెందుకక్కా?"

పేపరు ఆమె చేతిలోంచి తీసుకున్నాను. సున్నా కొట్టేసి పూర్తి మార్కులు వేశాను. మర్నాడు క్లాసులో ఆ అమ్మాయిని లేపి, నేరు దూరం వేరు, విమానం తిరిగిన దారి వేరు, ఈమె రెండోది కొలిచిందని అందరికీ చెప్పాను. పిల్ల తల వంచుకుని నవ్వింది.

నా కుళ్లు మాత్రం పోలేదు. మరుసటి వేసవిలో హిందీ టీచర్ మళ్లీ ఢిల్లీ వెళ్లింది, ఈసారి నేరుగా. సెలవులయ్యాక మొదటి రోజు నేను తలనొప్పి అని చీటీ పంపి ఇంట్లో పడుకున్నాను.