హరుక పెన్ను, అత్తగారి విభూది

2014 నవంబరు. ఇంగ్లండులోని న్యూకాసిల్ నడిబొడ్డున పైకప్పు వేసిన పాత మార్కెట్ ఒకటుంది. అందులో మాంసం కొట్టుకీ, గుండీలూ జిప్పులూ అమ్మే కొట్టుకీ మధ్య నాకో చిన్న స్టాల్. పని ఫౌంటెన్ పెన్నుల రిపేరు. ఎమ్మెస్సీ చదవడానికి ఈ ఊరొచ్చి, కొన్నాళ్ళు ఒక ల్యాబులో ఉద్యోగం చేసి, అది మానేసి ఈ స్టాల్ పెట్టినప్పుడు మావాళ్ళందరూ నాకు మతి పోయిందనుకున్నారు. "ఈ రోజుల్లో ఇంకు పెన్ను ఎవరికి కావాలే?" అని మా అక్క ఫోన్లో నవ్వింది. కావలసినవాళ్ళు బోలెడుమంది ఉన్నారని స్టాల్ తెరిచిన కొద్ది రోజులకే తేలిపోయింది.

ఇంగ్లీషు పెద్దవాళ్ళు వాళ్ళ నాన్నల పెన్నులు తెస్తారు. మన పిల్లలు, అంటే ఇక్కడ చదువుకునేవాళ్ళూ ఐటీ ఉద్యోగాలవాళ్ళూ, ఊరికే చూడ్డానికి వస్తారు. ఇంకు సీసా మూత తీసి వాసన చూడగానే అందరూ ఏడో తరగతిలోకి వెళ్ళిపోతారు. పాళీ పట్టేస్తే నూనె రాసుకున్న జుట్టులో రుద్దడం, పక్కవాడి దగ్గర రెండు చుక్కలు అప్పు తీసుకోవడం, పుస్తకం మీద మరక పడితే సుద్దముక్కతో పీల్చడం. ఈ కథలు రోజూ వింటాను, విసుగు రాదు.

నా పనేమిటో కూడా చెప్పాలి. వంకర పోయిన పాళీ సరిచేస్తాను. పాళీకి ఇంకు అందించే ఫీడ్ శుభ్రం చేస్తాను. పగిలిన బ్యారెల్, అంటే ఇంకు నిలిచే గొట్టం, అతుకుతాను. పాత పెన్నులు చాలావరకు ఎబొనైట్‌తో చేసినవి. రబ్బరులో గంధకం కలిపి ఉడికిస్తే గట్టిపడి ఎబొనైట్ అవుతుంది. మా రాజమండ్రి వైపు లేతు మీద పెన్నులు తీసేది దీనితోనే. ఎబొనైట్ గురించి నాకు ఒకరు చెప్పాల్సిన అవసరం లేదు.

ఒక సోమవారం పొద్దున అరవై దాటిన ఒకావిడ వచ్చి స్టాల్ ముందు నిలబడింది. నేతచీర, దాని మీద మగవాళ్ళ జాకెట్టు, కాళ్ళకి స్పోర్ట్స్ బూట్లు. చేతిలో మడతపెట్టిన రుమాలు.

"నువ్వేనా అమ్మా, పెన్నులు బాగుచేసే తెలుగమ్మాయివి?"

"నేనే ఆంటీ. కూర్చోండి."

"కూర్చోడం తర్వాత. ఇది బాగవుద్దో లేదో ముందు చెప్పు."

రుమాలు విప్పింది. లావుపాటి నల్లటి పెన్ను. నలుపు అంటే ఏదో రంగు వేసిన నలుపు కాదు, లోతుగా ఉండే నలుపు. దాని మీద బంగారంతో సగం చందమామ, కింద గాలికి ఒరిగిన గడ్డి. ఒక పక్కన మాత్రం గడ్డి చుట్టూ చిన్న చిన్న పసుపుపచ్చ చుక్కలు, వాటి మీద వెంట్రుకంత సన్నటి గీతలు. ఇలాంటి పెన్ను నా బల్ల మీదకి అంతవరకు రాలేదు.

ఆవిడ పేరు కామేశ్వరి, ఊరు అమలాపురం. కొడుకు ఫణి ఇక్కడ ఐటీలో పని చేస్తున్నాడు. నిరుడు జపాను అమ్మాయి హరుకని పెళ్ళి చేసుకున్నాడు. హరుక ఇక్కడి యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. ఆవిడ కొడుకూ కోడళ్ళ దగ్గరికి రావడం ఇదే మొదటిసారి.

"పెళ్ళికి మా కోడలి తాతగారు చేసిచ్చిన పెన్నంట ఇది," అంది. "ఆయన ఇలాంటి బొమ్మలేసే పనివారంట. పోయిన కార్తీకంలో కాలం చేశారు. ఏడాదొచ్చిందని మా కోడలు ఆయన ఫోటో, ఈ పెన్నూ తెచ్చి దేవుడి గూట్లో పెట్టింది. పోయినవాళ్ళ ఫోటో దేవుడి గూట్లో పెట్టకూడదే తల్లీ అందావని నోటిదాకా వచ్చింది. ఏ భాషలో చెప్పను? ఊరుకున్నాను."

"తర్వాత?"

"శుక్రవారం వెండి కుందులు తోవుకుంటున్నాను. పెన్ను మాసినట్టు కనపడింది. దేవుడి గూట్లో వస్తువు మాసి ఉండచ్చా? కుందులతో పాటే దీనికీ కాస్త విభూది రాసి, వేలితో రుద్దాను. చందమావ తళతళలాడింది. బానే ఉందే అని ఇంకాస్త రుద్దాను. ఇదిగో, పైన రంగు లేచిపోయి లోపల ఇత్తడి బయటపడింది."

గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. "ఈ మూడ్రోజులూ ఆ పక్కని గోడవేపు తిప్పి పెట్టాను. కాస్త నల్లరంగు అద్దెయ్యమ్మా. కోడలు సాయంత్రం వచ్చేసరికి గూట్లో పెట్టేస్తాను."

నేను లూప్ తీశాను. కంటికి ఆనించుకుని చూసే చిన్న భూతద్దాన్ని మేం లూప్ అంటాం. అద్దంలోంచి ఆ చుక్కల్ని చూడగానే ఒక సంగతి స్పష్టమైపోయింది.

"ఆంటీ, ఇందులో ఇత్తడి లేదు."

"కళ్ళకి కనపడతంటే లేదంటావేంటమ్మా?"

పెన్ను విప్పి లోపల బొటనవేలితో గట్టిగా రుద్ది ఆవిడ ముక్కు దగ్గర పెట్టాను. "అగ్గిపెట్టె వాసనొస్తుంది," అంది. అది గంధకం వాసన. పెన్ను మొత్తం ఎబొనైట్. ఎంత అరగదీసినా లోపల నల్ల రబ్బరే తప్ప లోహం ఉండదు. అంటే ఈ చుక్కలు ఎవరో కావాలని పెట్టినవే. పైగా ఒక్కొక్కటీ గుండ్రంగా, గడ్డిపరకల కొసల దగ్గర చూసి చూసి పెట్టినట్టున్నాయి. రంగు లేచిపోతే అంత కుదురుగా లేవదు.

ఈ పనిని జపానులో మాకి-ఎ అంటారు. చల్లిన బొమ్మ అని దాని అర్థం. ఉరుషి అనే చెట్టు పాలతో బొమ్మ గీసి, తడి ఆరకముందే బంగారప్పొడి చల్లుతారు. ఆవిడకి ఇదే చెప్పాను.

"ముగ్గులాగానా?"

"ముగ్గే. బంగారంతో వేసిన ముగ్గు. దాని మీద మళ్ళీ చెట్టు పాలు పూతలు పూతలుగా వేసి నునుపు చేస్తారు. కొందరు పనివాళ్ళు బొమ్మలో కొంత భాగం కావాలనే లోపల పూతల్లో దాచేస్తారు. ఏళ్ళ తరబడి చెయ్యి తగిలి పైపూత పల్చబడే కొద్దీ ఆ దాచింది పైకి తేలుతుంది. ఇవి మిణుగురులు ఆంటీ. తాతగారే పెట్టారు."

ఆవిడ ఊపిరి పీల్చుకుంటుందనుకున్నాను. మొహం ఇంకా వాడిపోయింది.

"ఆయన దాచి పెట్టుకున్నవి నేను తవ్వి పోశానంటావు. రంగు పోవడం కన్నా ఇదింకా ఘోరం కదమ్మా. పనిచేసిన మనిషే లేడు. నల్లరంగు ఏసెయ్యి తల్లీ."

"వెయ్యను ఆంటీ. వేస్తే ఆయన పని మీద నా పని కూర్చుంటుంది. ఆ పని నాకు రాదు, వచ్చినా చెయ్యను."

"తెలుగుపిల్లవని వెతుక్కుంటా వచ్చాను. ఇంత సాయం చెయ్యలేవా?"

కోపం ఆవిడకి ఎంతోసేపు నిలవలేదు. జాకెట్టు చేతితోనే కళ్ళు తుడుచుకుంది. "నాకు దాని ఇంగ్లీషు రాదు, దానికి నా తెలుగు రాదు. అయినా పొద్దున్నే 'అత్తయ్యా, కాఫీ' అని కప్పు తెచ్చి చేతిలో పెడతాది. రోజుకో తెలుగు మాట నేర్చుకుని నా దగ్గర అప్పజెబుతాది. ఇప్పుడిప్పుడే దగ్గరవుతుంది. ఇది చూశాక మళ్ళీ నన్ను అత్తయ్యా అంటాదా?"

నాకు చాలా జాలేసింది. కానీ జాలితో బ్రష్షు పట్టుకుంటే ఈ వృత్తిలో ఒక్క వస్తువు మిగలదు. నాకు చేతనైన పని నేను చేశాను. మరలలోనూ ఫీడ్ గాడిలోనూ ఇరుక్కున్న విభూదిని చల్లటి నీళ్ళతో, మెత్తటి బ్రష్షుతో తీసేశాను. ఎబొనైట్‌కి వేడినీళ్ళు తగిలితే రంగు మారిపోతుంది. ఆవిడ కూర్చుని చూస్తూ, "మేవూ హైస్కూల్లో ఇలాగే గొట్టం విప్పి ఫిల్లర్‌తో ఇంకు పోసుకునేవాళ్ళం," అంది కాస్త తేరుకుని.

"మీ కోడల్ని తీసుకురండి," అన్నాను. "మీరు తెలుగులో చెప్పండి, నేను ఇంగ్లీషులో చెబుతాను."

"కోప్పడితే?"

"పడనివ్వండి. దాచిపెట్టి దొరికిపోతే మాత్రం ఏ భాషలోనూ జవాబుండదు."

శనివారం ఇద్దరూ వచ్చారు. హరుక సన్నగా, పొట్టిగా, తడిసిన గొడుగుతో నవ్వుతూ వచ్చింది. అత్తగారు ఎవరో తెలుగు స్నేహితురాలిని చూపిస్తుందనుకుందట. కామేశ్వరి గారు రుమాలు విప్పి, ఏదీ దాచకుండా మొత్తం చెప్పింది. నేను ఒక్కొక్క మాటే ఇంగ్లీషులోకి మార్చాను. హరుక నవ్వు మాయమైంది. పెన్ను తీసుకుని దీపం కిందకి జరిగింది. నేను లూప్ ఇచ్చాను. చాలాసేపు చూసింది. కామేశ్వరి గారు హ్యాండ్‌బ్యాగు పట్టీని మెలిపెడుతూ నిలబడింది.

చివరికి హరుక ఇంగ్లీషులో అంది. "తాతయ్య ఇచ్చేటప్పుడు, రోజూ వాడు, ఇందులో ఇంకా ఉంది అన్నారు. మాటవరసకి అన్నారనుకున్నాను. పాడవుతుందని మొన్న గూట్లో పెట్టేదాకా పెట్టెలోంచి తియ్యలేదు. ఒక్క అక్షరం కూడా రాయలేదు." తర్వాత అడిగింది, "అత్తయ్య దీన్ని దేనితో రుద్దారు?"

కామేశ్వరి గారు సాక్ష్యం ఇచ్చినట్టు బ్యాగులోంచి విభూది పొట్లం తీసింది. హరుక చిటికెడు తీసుకుని వేళ్ళ మధ్య నలిపింది, వాసన చూసింది. బూడిదేనా అని నన్నడిగింది. అవునన్నాను. అంతే, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"చూశావా, ఏడుస్తుంది. నేను చెప్పలేదూ," అంది కామేశ్వరి గారు.

"ఆగండి ఆంటీ, ఏదో చెబుతోంది."

వాళ్ళ తాతగారు జింక కొమ్ము కాల్చి, ఆ బూడిదని మెత్తగా నూరి, చుక్క నూనెతో కలిపి ఆఖరి మెరుగు పెట్టేవారట. గుడ్డ వాడేవారు కాదు, వేలితోనే. ఆ పని ఇంకెవరికీ ఇచ్చేవారు కాదట. రుద్దీ రుద్దీ ఆయన వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయట. నేను తెలుగులో చెబుతూంటే కామేశ్వరి గారు తన చూపుడువేలు తనే చూసుకుంది. హరుక ఆ వేలు పట్టుకుంది.

"అయితే కోపం లేదా?" అని ఆవిడ నన్నడిగింది. నేను మార్చి చెప్పేలోపలే హరుక, "లేదు అత్తయ్యా," అంది తెలుగులో.

ఇక్కడ నేను పనివాళ్ళ మాట ఒకటి ఇద్దరికీ గట్టిగా చెప్పాను. కొమ్ము బూడిద వేరు, మన విభూది వేరు. విభూదిలో బరక ఉంటుంది, ఈ సన్నగీతలు దానివల్లే పడ్డాయి. అవి పోవు, పోగొట్టడానికి ఎవరూ ప్రయత్నించకూడదు. ఇద్దరూ బడిపిల్లల్లా తలూపారు. పెన్నులో ఇంకు పోసిచ్చాను.

హరుక దాన్ని అందుకుని, రెండు చేతులతో అత్తగారి ముందుకి చాపింది. "అత్తయ్యా, రాయండి."

కామేశ్వరి గారు కంగారుపడి నా వైపు చూసింది. చెయ్యి విభూది పొట్లం మీదకి వెళ్ళింది. "వద్దన్నావు కదమ్మా. మళ్ళీ రాయమంటుందేంటి?"

నాకు నవ్వాగలేదు. పూయడానికీ, అక్షరం పెట్టడానికీ మన భాషలో ఒకటే మాటని హరుకకి ఇంగ్లీషులో చెప్పాను. తడికళ్ళతోనే పగలబడి నవ్వింది. కామేశ్వరి గారు పెన్ను తీసుకుని, నేను పాళీలు పరీక్షించే కాగితాల మీద, పాత హైస్కూలు దస్తూరీలో 'హరుక' అని రాసింది. బొటనవేలు సరిగ్గా గడ్డి మీద ఆనింది. "ఇంకా ఉన్నాయా లోపల?" అనడిగింది. తెలీదన్నాను. తెలిసిన ఒక్క మనిషీ లేడు.

అంతకు ముందు ఖరీదైన పెన్ను ఎవరు తెచ్చినా మెత్తటి గుడ్డ, పెట్టె, ఎండ తగలని చోటు అని జాగ్రత్తలన్నీ ఏకరువు పెట్టేదాన్ని. ఇప్పుడు పాళీ సరిచేసి, ఇంకు పోసి, పెన్ను చేతిలో పెట్టి ఒకే మాట అంటాను. రాయండి.