కరెంటు పోయినా పోని ఫోను

సమ్మయ్య పన్నెండేళ్లు ఒక లిఫ్టులోని ఫోనును కాపాడాడు గాని, ఆ లిఫ్టు మాత్రం ఎక్కలేదు. భయం. ఆ మాట ఒప్పుకోడు. "మెట్లెక్కితే మోకాళ్లు గట్టిగుంటయి" అనేవాడు. యాభై ఏడేళ్ల మనిషి, భుజాన తీగల సంచి వేసుకుని ఐదంతస్తులూ నడిచే ఎక్కేవాడు. తార్నాక వైపున, క్యాంపస్‌లోని ఆ పాత బిల్డింగులో ఈ సంగతి అందరికీ తెలుసు. పైకి అనేది మాత్రం చిట్టెమ్మ ఒక్కతే.

చిట్టెమ్మ కింద బల్ల దగ్గర కూర్చునే అటెండరు. "నువ్వు లిఫ్టెక్కిన రోజే తెలంగాణ వస్తది సమ్మన్నా" అనేది.

"గట్లయితే రేపే ఎక్కుత."

ఎక్కేవాడు కాదు.

జనగామ దగ్గర పల్లె ఆయనది. కేబుల్ గుంతలు తవ్వే కూలీగా వచ్చి, లాలాపేటలో గది తీసుకుని, క్యాంపస్ టెలిఫోన్ లైన్‌మన్ దాకా వచ్చాడు. తీగ మీది ప్లాస్టిక్కు పళ్లతోనే ఒలిచేవాడు. ముందుపన్ను ఒకటి దానికే పోయింది. మీటర్లూ గీటర్లూ నమ్మడు. రిసీవరు చెవిన పెట్టుకోవాలి, గుర్రుమని టోను వినపడాలి. వినపడితే ఫోను బతికున్నట్టు, లేకపోతే చచ్చినట్టు. ముప్పయ్యేళ్లలో ఆ చెవి ఒక్కసారీ తప్పు చెప్పలేదు.

ఆ లిఫ్టు శ్యామలాంబ గారికి కావాలి. నాలుగో అంతస్తులో రికార్డు సెక్షన్ ఆమెది. ప్రొద్దుటూరు నుంచి వచ్చి విద్యానగర్‌లో స్థిరపడ్డ కుటుంబం. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలికి ఇనుప పట్టీ, చంకలో కర్ర. కింది నుంచి ఆమె కుర్చీ దాకా ఎనభై ఎనిమిది మెట్లు. లిఫ్టు లేకపోతే ఉద్యోగం లేదు, అంతే.

రోజూ పదిన్నరకు ఆమె లిఫ్టులో అడుగు పెట్టి ఫోను ఎత్తేది. అవతల ఎక్స్‌ఛేంజి గదిలో సమ్మయ్య తీసేవాడు.

"సమ్మయ్యా, ఉండావా?"

"ఉన్న అమ్మా."

ఆ ఇనుప పెట్టెలో సెల్లుకు సిగ్నలు అందదు. ఫోను పనిచేస్తోందని చూసుకునే పద్ధతి అదే. దాని తర్వాతే ఆమె నాలుగో నంబరు నొక్కేది. మొదట్లో ఆమె భయపడితే సమ్మయ్య ధైర్యం చెప్పాడట: "కరెంటు పోతే లిఫ్టు ఆగుతది గని ఫోను పోదమ్మా. దాని కరెంటు దాని తీగెలనే వస్తది." అబద్ధం కాదు. ఎక్స్‌ఛేంజిలో పెద్ద బ్యాటరీలుంటాయి, రాగి తీగ మాటతోపాటు కరెంటునూ మోసుకొస్తుంది.

2011 ఎండాకాలంలో రోడ్డు తవ్వినవాళ్లు ఆ రాగి కేబుల్‌ను మూడుచోట్ల తెంపారు. తెగిన ముక్కల్ని ఎవరో రాత్రికి రాత్రే లాక్కుపోయారు. ఇక రాగి వేసేది లేదు, సిమ్ము పెట్టుకోండి అన్నారు పైవాళ్లు. ఇంజనీరు సారు ఒక డబ్బా తెప్పించాడు. లోపల సిమ్ము, పైన చిన్న యాంటెన్నా. సమ్మయ్య దాన్ని మిద్దె మీద లిఫ్టు మిషను గదిలో పెట్టి, ప్లగ్గు గుచ్చి, లిఫ్టు తీగలు కలిపాడు. రిసీవరు చెవిన పెట్టుకున్నాడు. గుర్రుమని అదే టోను. ఫోను ఎత్తితే ఆయన జేబులో సెల్లు మోగింది. పని అయిపోయింది.

ప్లగ్గు గుచ్చినప్పుడే అనుమానం రావాలి. సెల్లు చార్జింగు పెట్టుకునే ఏ పిల్లవాడికైనా వచ్చేది. ఆయనకు రాలేదు. టోను వినపడ్డాక ఇంకేం చూడాలో ఆయనకు తెలియదు.

సెప్టెంబరులో తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. బొగ్గు ఆగింది, కరెంటు దాని ఇష్టమొచ్చినప్పుడు పోయేది. సమ్మయ్య కూడా సమ్మెలోనే ఉన్నాడు, టెంటు కింద అందరికంటే పెద్ద గొంతు ఆయనదే. అయినా పదిన్నరకు జేబులో సెల్లు మోగితే పక్కకెళ్లి "ఉన్న అమ్మా" అని వచ్చేవాడు. సమ్మెలో డ్యూటీ ఏంది కాకా అని నేను అడిగితే, "డ్యూటీ కాదురా, పలకరింపు" అన్నాడు. చిట్టెమ్మ లెక్క వేరు. "సమ్మంటే కూసునుడే గదా. గాడ కూసుంటేంది, గీడ కూసుంటేంది" అని తన బల్ల దగ్గరే కూర్చుని సమ్మె చేసింది.

శ్యామలాంబ గారు మాత్రం పనికి వచ్చేది. ఎవరో కుర్రవాడు మెట్ల దగ్గర ఆపి, "మేడమ్, మీ ఊళ్లె సమ్మె లేదా?" అన్నాడు.

"మా ఊర్లో ఏముందో నాకేం తెలుసు నాయనా, ముప్పై ఏండ్లనుంచి ఈడనే ఉండా. మీ సర్టిఫికెట్లు మీకు వద్దంటే చెప్పు, ఇంటికి పోతా."

నా టీసీ కూడా ఆమె దగ్గరే ఉంది. చదువు మధ్యలో వదిలేసి, అది తీసుకోవడానికి మూడుసార్లు తిరిగాను. అట్లా తెలుసు నాకు వీళ్లంతా.

ఒక రోజు మధ్యాహ్నం ర్యాలీలో సమ్మయ్య పక్కనే నడుస్తున్నాను. చిట్టెమ్మ చెప్పులు లేకుండా ఉరికొచ్చింది.

"సమ్మన్నా, శ్యామలమ్మ లిఫ్టుల ఇరికింది. కరెంటు పొయ్యి ఎంతసేపాయెనో. కర్రతోని తలుపు గుద్దుతాంది. మీ లొల్లిల నాకు ఇనపడనే లేదు."

"ఫోన్ చెయ్యలే?"

"చేస్తే నువ్వు గీడెందుకుంటవు?"

ఆయన అంత వేగంగా మెట్లెక్కగలడని నేననుకోలేదు. మిషను గదిలో బ్రేకు వదిలి, చేత్తో చక్రం తిప్పి, లిఫ్టును మూడో అంతస్తుకు దించాడు. తలుపు తీస్తే ఆమె నేల మీద కూర్చుని ఉంది. చీర చెమటతో తడిసింది. రిసీవరు ఒడిలో ఉంది.

"ఫోను పోదంటివే సమ్మయ్యా."

నలభై నిమిషాలు లోపలుంది. అన్నది ఆ ఒక్క మాటే. సమ్మయ్య రిసీవరు తీసుకుని చెవిన పెట్టుకున్నాడు. గుర్రుమని టోను లేదు. కరెంటుతోపాటే మిద్దె మీది డబ్బా కూడా చచ్చింది.

ఇంజనీరు సారు లిఫ్టుకు తాళం వేశాడు. కరెంటు లేనప్పుడు మోగే ఫోను చూపిస్తేనే తీస్తానని, లేదంటే ఆమెను లాంగ్ లీవు పెట్టుకోమనండని చెప్పాడు. టెంటులో ఒకడు, సీమామె కాబట్టి సమ్మయ్యే తీగ పీకాడని నవ్వాడు. ఆ మాట ఆమె దాకా వెళ్లింది. "ఆయప్పకు కోపమొస్తే నన్ను తిడతాడేమో గానీ, ఫోను మీద చెయ్యేస్తాడా?" అన్నదట. అయినా తాళం వేసి ఉన్న లిఫ్టు వైపు మాత్రం చూసేది కాదు. కింద చిట్టెమ్మ బల్ల పక్క బెంచీ మీద కూర్చుంది. చిట్టెమ్మ గొణుక్కుంటూ పై నుంచి ఫైళ్లు మోసేది.

సమ్మయ్య మూడు రోజులు టెంటుకు రాలేదు. పోయింది రోడ్డు కింది రాగి. బిల్డింగులో మిద్దె నుంచి కింది దాకా ఉన్న పాత తీగలు గోడల్లో అట్లాగే ఉన్నాయి. పాత సామాను గదిలోంచి రెండు నల్ల ఫోన్లు వెతికాడు. చెక్కపెట్టెలో టార్చిలైటు సెల్లులు వరసగా పేర్చాడు. ఒక ఫోను లిఫ్టులో, ఒకటి చిట్టెమ్మ బల్ల మీద. ఇటు ఎత్తితే అటు బజరు మోగాలి. పెట్టె మీద సుద్దముక్కతో తేదీ రాశాడు. సిమ్ము డబ్బాకూ ఒక బ్యాటరీ తగిలించాడు. "రెండూ ఉండాలె. ఒకదాన్నే నమ్మి ఆమెను చీకట్ల కూసోవెట్టిన" అన్నాడు.

శుక్రవారం పదకొండింటికి తాళంచెవి అడిగి తెచ్చాడు. లిఫ్టు తీశాడు. కాసేపు గడప దగ్గర నిలబడి, లోపలికి వెళ్లాడు. చిట్టెమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మూడో అంతస్తు దాటినంక మెయిన్ స్విచ్చు దించు" అన్నాడు.

దించింది. బల్ల మీద బజరు మోగింది. చిట్టెమ్మ తీయలేదు, శ్యామలాంబ గారి వైపు జరిపింది. ఆమె మూడుసార్లు మోగనిచ్చి ఎత్తింది.

"ఉన్నవా అమ్మా?" బల్ల పక్కనే నిలబడ్డ నాకు కూడా వినపడింది.

"ఉండా."

"నా చెయ్యి నాకే కనవడ్తలేదమ్మా."

"నాకూ అంతే ఉండె."

"నువ్వెంతసేపుంటివో గంతసేపు ఉంట. చిట్టెమ్మను మెయిన్ ఎయ్యొద్దను" అన్నాడు.

ఆమె వద్దనలేదు. గడియారం చూసుకుంది. తర్వాత ఊరికే ఉండలేక ఆయన ఊరి గురించి అడిగింది, ఊడిన పన్ను గురించి అడిగింది. ఒకసారి నవ్వింది కూడా. నలభై నిమిషాలయ్యాక చిట్టెమ్మ మెయిన్ ఎత్తింది. ఏమీ కాలేదు. బయట చూస్తే అన్ని బిల్డింగులకూ కరెంటు లేదు. చక్రం తిప్పడం తెలిసిన ఒకే ఒక్కడు లిఫ్టు లోపలున్నాడు.

నేను పోయి తిప్పుతానన్నాను. ఆమె ఆ మాట ఫోనులో చెప్పి, జవాబు నాకు వినిపించింది: "వాన్ని ముట్టొద్దను. చదువు సగంల ఇడిసిండు, బ్రేకు గూడ సగంల ఇడుస్తడు."

అప్పుడే ఇంజనీరు సారు వచ్చాడు. "ఎవరితో మేడమ్?"

"సమ్మయ్యతో సార్. లిఫ్టులో ఉండాడు."

ఆయన గోడ మీది ఆగిన ఫ్యాను చూశాడు, ఫోను చూశాడు. రిసీవరు అందుకుని "హలో" అన్నాడు. విని, తిరిగి ఆమెకే ఇచ్చాడు. "మేడమ్‌కే ఇయ్యమంటున్నాడు" అన్నాడు. తాళంచెవి సంగతి మళ్లీ ఎత్తలేదు.

కరెంటు ఒంటిగంటంబావుకు వచ్చింది. అప్పటిదాకా ఆమె ఫోను పెట్టలేదు, టిఫిన్ డబ్బా విప్పలేదు. లిఫ్టు కిందికి వచ్చింది. సమ్మయ్య చొక్కా పిండితే నీళ్లు కారేట్టుంది. ఆయన బయట అడుగు పెట్టగానే ఆమె కర్ర ఊతంగా లేచి లోపలికి వెళ్లింది. తలుపు మూసుకుంది.

బజరు మోగింది. సమ్మయ్య ఎత్తాడు.

"సమ్మయ్యా, ఉండావా?"

"ఉన్న అమ్మా."

లిఫ్టు పైకి కదిలింది. చిట్టెమ్మ ఇక ఆగలేకపోయింది. "లిఫ్టెక్కినవు గద. తెలంగాణ ఏదన్నా?"

ఆయన తీగల సంచి భుజానికి వేసుకున్నాడు. "వస్తది తియ్యి" అని, పెట్టెలో సెల్లులు చూసొస్తానంటూ మెట్లవైపు నడిచాడు.