గోడలు లేని దర్వాజ

పోయిన శుక్రవారం పొద్దున ఉప్పల్‌లో మా ఇల్లున్న చోటికి వెళ్లాను. ఉన్న చోటు అంటున్నాను గానీ ఇప్పుడక్కడ ఇల్లు లేదు. బిల్డరుకు డెవలప్‌మెంట్‌కు ఇచ్చేశాం, అతను అయిదంతస్తులు లేపి అందులో మాకు రెండు ఫ్లాట్లు ఇస్తాడట, అందాకా నాచారంలో అద్దెకుంటున్నాం. పోచారంలో ఉద్యోగం చేసే మా అమ్మాయి కాయితాలన్నీ తనే చూసుకుని, కూలగొట్టేటప్పుడు మాత్రం నువ్వు అటువైపు పోవద్దమ్మా, బీపీ పెరుగుతుందని గట్టిగా చెప్పింది. నేను వింటానా! వెళ్లి చూద్దును గదా, గోడలన్నీ కుప్పలుగా పడి ఉన్నాయి, ఆ కుప్పల మధ్య మా పాత టేకు దర్వాజ, గడపతో సహా గుమ్మం చట్రం, ఒక్కటే నిటారుగా నిలబడి ఉంది. పాత కర్ర కొనేవాళ్లెవరో దానికి బేరం చేసుకున్నారట, వాళ్లొచ్చి తీసుకుపోయేదాకా ముట్టుకోవద్దని మేస్త్రి చెప్పి వెళ్లాడట. దాన్నలా చూడగానే నాకు నవ్వాగలేదు. వాచ్‌మన్ పాపం, ఇల్లు పోయిన దిగులుతో ఈ ముసలమ్మకు మతి చలించిందనుకున్నాడో ఏమో, పరుగున కుర్చీ తెచ్చి వేసి మంచినీళ్లు ఇచ్చాడు. నలభై ఏళ్ల కిందట కూడా ఆ దర్వాజ సరిగ్గా ఇలాగే, కుడి పక్క గోడ లేకుండా, ఎడమ పక్క గోడ లేకుండా, పైన కప్పు లేకుండా నిలబడి నా పరువు తీసిందని అతనికేం తెలుసు?

ఎనభైల మొదట్లో మాకు పెళ్లయింది. మా ఆయన ఉప్పల్‌లో ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో స్టోర్స్ గుమాస్తా, నేను నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక చిన్న కంపెనీలో టైపిస్టును. రెండు జీతాలు కలిపినా నెలాఖరుకు కిరోసిన్ స్టవ్వు మీద ఉప్పుడు పిండే గతి అయిన రోజులవి. నా ఈడు వాళ్లకు ఇదంతా విడమరిచి చెప్పక్కర్లేదు, మనమందరం అలాగే బతికాం. అయినా ఆశలకేం తక్కువ! ముందు ఇల్లు, తర్వాత పిల్లలు, ఆ తర్వాత మిగిలితే స్కూటర్ అని నేనొక వరస పెట్టుకుని ఆయనకు వినిపిస్తే, ఆయన బుద్ధిగా తలూపారు. ఆయన మనసులో స్కూటర్ ఎన్నో నంబరు మీద ఉందో నేను అడగలేదు, అదే నేను చేసిన పొరపాటు.

ఇల్లు ముందు అని నేనంత పట్టుబట్టడానికి కారణం నాచారంలో మేమద్దెకున్న ఇంటావిడ. మనిషి చెడ్డది కాదు గానీ, పెరట్లో బట్టలారేసే తీగ ఒక్కటే ఉండేది, అందులో మా వాటా గోడ పక్కన రెండు మూరలు. మా ఆయన లుంగీ గాలికి ఎగిరి మూడో మూరలోకి వెళ్లినా సరే, తీసుకొచ్చి మా గుమ్మంలో మడత పెట్టి ఉంచేది. ఆ మర్యాదకే నాకు ఒళ్లు మండేది. రేపు పిల్ల పుడితే రోజుకు ఇరవై గుడ్డలు ఎక్కడారేయాలి? నా బిడ్డ గుడ్డలు నా సొంత తీగ మీదే ఆరాలని నేను ఒట్టు పెట్టుకున్నంత పని చేశాను.

నెలనెలా కట్టి ఉప్పల్ ఊరు దాటాక ఒక ప్లాటు కొన్నాం. అప్పుడక్కడ సర్వే రాళ్లు, తుమ్మ చెట్లు, చెంగిచెర్ల దిక్కు నుంచి మేతకొచ్చే మేకలు తప్ప ఇంకేమీ లేవు. ఆఫీసులో లోను తీసుకుని పునాది తీసి బేస్మెంట్ దాకా కట్టించేసరికి భువనగిరి దగ్గర ఊరి నుంచి మా అత్తగారు దిగారు. ఈ వారం దాటితే మూఢం, దాని వెనకే శూన్యమాసం, మూడు నెలలు ముహూర్తాలు లేవు, కాబట్టి గోడల సంగతి తర్వాత, ముందు దర్వాజ ఎత్తాల్సిందేనని కూర్చున్నారు. ఎత్తాం. గడప కింద నవధాన్యాలు పోసి, మామిడాకులు కట్టి, దర్వాజ చేసిన వడ్లాయనకు కొత్త బట్టలు పెట్టి, పడిపోకుండా అటూ ఇటూ నాలుగు వరసల ఇటుక కట్టించి, వాసాల ఆసరా ఇచ్చి నిలబెట్టాం. ఇటుకకూ సిమెంటుకూ దాచిన డబ్బు బ్యాంకులో ఉంది, మూడు నెలల్లో గోడలు లేస్తాయని లెక్క.

సరిగ్గా మూడో రోజున, మా ఆయన పెళ్లికి ముందెప్పుడో బుక్ చేసి నేను పూర్తిగా మరిచిపోయిన స్కూటర్‌కు వంతు వచ్చిందని ఉత్తరం వచ్చింది. ఈ కాలపు పిల్లలకు చెబితే నమ్మరు, ఆ రోజుల్లో స్కూటర్ కోసం ఏళ్ల తరబడి కాచుకోవాలి, వంతు వచ్చినప్పుడు తీసుకోకపోతే పోయినట్టే. తీసుకున్నవాడి దగ్గర పైన కొన్ని వేలు ఎక్కువిచ్చి కొనేవాళ్లు మాత్రం షోరూమ్ బయటే నిలబడి ఉండేవాళ్లు. మా ఆయన ఎంతో నెమ్మదిగా, గోడల డబ్బుతో బండి తీసుకుని ఆ వారంలోనే అమ్మేస్తే ఒక గది ఖర్చు ఊరికే కలిసొస్తుందన్నారు. ఆయన్నొక్కరినే అనడమెందుకు, ఆ మాట వినగానే నాకు గది కాదు, గదిలో అల్మరా కూడా కనపడింది. ఆశపడి నేనే బ్యాంకు కాయితం మీద సంతకం పెట్టాను.

బండి వచ్చింది. దాన్ని ఎవరి గుమ్మం ముందు పూజ చేయాలన్న ప్రశ్న వచ్చింది. అద్దె ఇంటి ముందు ఎందుకు, మనకు సొంత దర్వాజ ఉండగా అన్నారు మా ఆయన. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, హారతిచ్చి, గడపకు పలక అడ్డం వేసి, ఆ దర్వాజలోంచి స్కూటర్‌ను లోపలికి నడిపించారు. చుట్టూ నాలుగు దిక్కులా ఖాళీ, అయినా మనిషి దర్వాజలోంచే వెళ్లారు. అలా మా ఇంట్లో మొదట గృహప్రవేశం చేసింది ఆ స్కూటర్.

ఇక ఆ వారం వెళ్లింది, నెల వెళ్లింది. ఇప్పుడమ్మితే ధర రాదన్నారు, ఇంజను కాస్త అలవాటు పడనీ అన్నారు, మంచి రోజు చూడాలన్నారు. జన్మలో పంచాంగం ముట్టని మనిషికి స్కూటర్ అమ్మడానికి మాత్రం తిథి వార నక్షత్రాలు కావలసి వచ్చాయి. పొద్దున లేస్తే పసుపు రంగు మెత్తటి గుడ్డతో దాని ఒళ్లు తుడవడం, ఒక పక్కకు వంచి బతిమాలుతూ స్టార్ట్ చేయడం, సాయంత్రం కాగానే వానకు తడుస్తుందని మేముండే ఒక్క గదిలోకే తెచ్చి పెట్టడం. పెట్రోలు వాసనలోనే తిన్నాం, పెట్రోలు వాసనలోనే పడుకున్నాం. నేను అరిస్తే వచ్చే వారం ఖాయమనేవారు.

ఈలోగా దర్వాజకు సేవ తప్పలేదు. మా అత్తగారు వెళ్తూ వెళ్తూ నన్ను పక్కకు పిలిచి, “గడప నిలవెట్టినంక ఒట్టిగ ఇడ్సిపెట్టొద్దు బిడ్డా, ప్రతి శుక్రారం పసుపు రాయాలె” అని మాట తీసుకున్నారు. గోడలను మింగిన స్కూటర్ మీదే కూర్చుని, ఒళ్లో నీళ్ల డబ్బా పెట్టుకుని, ప్రతి శుక్రవారం ఆఫీసుకు ముందు అక్కడికి వెళ్లేదాన్ని. గడప కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి, రెండు బంతిపూలుంచి దణ్ణం పెట్టేదాన్ని. మా ఆయన పక్కనుంచి నడిచి లోపలికి వస్తే ఊరుకునేదాన్ని కాదు, అక్కడ హాలు గోడ ఉంది, మీరు గోడలోంచి వచ్చారని వెనక్కి పంపేదాన్ని. ఆయనా తక్కువవారు కాదు, బయటికెళ్లి చెప్పులు విడిచి, లేని తలుపు తట్టి వచ్చేవారు. అంత కోపంలోనూ నాకు నవ్వొచ్చేది.

అయిదో నెల కడుపుతో ఉన్నప్పుడు ఒక శుక్రవారం వెళ్లేసరికి గడప దగ్గర కొట్టిన కొబ్బరికాయ చిప్పలు కనిపించాయి. మావి కావు. మరుసటి వారం గాజులు, నిమ్మకాయలు. ఆ మరుసటి వారం దర్వాజ నిలువు కమ్మికి ఎర్రగుడ్డ కట్టి ఉంది. మా ఆయన, ఎవరో మన మీద ఏదో చేయించారని బండిని దూరంగా పెట్టి, నన్ను కూడా దగ్గరికి పోవద్దన్నారు. నాలుగో వారం సంగతి బయటపడింది. మేకలు కాసుకునే ఒక ముసలమ్మ మా గడపకు సాగిలపడి మొక్కుతోంది. ఏం చేస్తున్నావని అడిగాను.

“అమ్మకు మొక్కుతున్న బిడ్డా. దర్వాజ మైసమ్మ. మస్తు మహిమ గల్ల తల్లి. నా మేక తప్పిపోతె మొక్కిన, తెల్లారెవరకు దొరికింది. శుక్రారం శుక్రారం ఎవలో పసుపు గూడ రాసి పోతున్నరు.”

“అయ్యో, అమ్మ గాదు అవ్వా! ఆ పసుపు రాసేది నేనే. గిది మా ఇంటి దర్వాజ,” అన్నాను.

ఆమె దర్వాజకు కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది, తల ఎత్తి ఆకాశం చూసింది. చివరికి నా కడుపు వైపు చూసి ఎంతో జాలిగా అడిగింది. “ఇల్లేది బిడ్డా మరి?”

మా ఆయన స్కూటర్ అద్దం తుడుస్తున్నట్టు తల వంచుకున్నారు. ముసలమ్మ అంతటితో ఆగలేదు, ఆషాఢంలో ఇక్కడ బోనం చేస్తారని, ఎండకు అమ్మ కాగిపోతుందని ఊళ్లోవాళ్లు పైన నాలుగు రేకులు వేస్తామంటున్నారని సంతోషంగా చెప్పింది. రేకులు పడ్డాయంటే గుడి అయినట్టే, గుడి అయిందంటే ఆ ప్లాటు మీద మా పేరు కాయితంలోనే మిగులుతుంది. నా తీగ, నా గుడ్డలు, పుట్టబోయే నా బిడ్డ ఇల్లు అన్నీ ఆ నాలుగు రేకుల కిందికి పోతాయి. నేనా గడప మీదే కూలబడి ఏడ్చేశాను. గర్భిణి స్త్రీ అమ్మ ముందు కన్నీళ్లతో మొక్కుకుంటోందనుకుని ముసలమ్మ నా నొసట ఇంత కుంకుమ పెట్టింది.

ఆదివారం పొద్దున మా ఆయన స్కూటర్‌ను శుభ్రంగా కడిగి, తుడిచి, ఎక్కడికని చెప్పకుండా వెళ్లారు. మధ్యాహ్నం బస్సు దిగి నడిచి వచ్చారు. డబ్బు నా చేతిలో పెట్టారు గానీ, ఆ పసుపు గుడ్డ మాత్రం ఆయన చేతిలోనే ఉండిపోయింది, దాన్నేం చేయాలో ఆయనకు తెలియలేదు. అన్ని నెలల నా కోపం ఆ గుడ్డను చూడగానే పోయింది, ఆయన మీద ఎక్కడలేని జాలి కలిగింది. ఇందులో విచిత్రమేమిటంటే, అంత తిరిగిన బండి కూడా కొన్నదానికంటే ఎక్కువే పలికింది. ధర పెరగాలనే నేను కావాలని ఆగానని ఆయన ఇప్పటికీ చెబుతారు, వినేవాళ్లు దొరికితే.

మరుసటి వారమే మేస్త్రి పని మొదలుపెట్టాడు. గోడలు లేస్తుంటే ముసలమ్మ వచ్చి ఇటుకల కుప్ప మీద కూర్చుంది. గొడవ చేస్తుందేమోనని నేను మేస్త్రి పక్కకు వెళ్లి నిలబడ్డాను. ఆమె మాత్రం తీరిగ్గా చూసి, “సూసినవా, మొక్కినవు, అమ్మ ఇల్లిచ్చింది” అంది. ఇచ్చింది అమ్మ కాదవ్వా, స్కూటర్ అని చెప్పాను. పెద్ద తేడా ఏముందన్నట్టు చెయ్యి ఊపేసింది. గడపను మాత్రం కదిలించొద్దని మాట తీసుకుంది.

ఒక గదికి స్లాబు, ఒక గదికి రేకులు, తలుపులకు రంగు లేదు, కిటికీలకు అద్దాలు లేవు, అయినా అది ఇల్లే. గృహప్రవేశానికి ముసలమ్మ పిలవకుండానే కొబ్బరికాయ పట్టుకుని వచ్చింది. రెండు నెలలకు మా అమ్మాయి పుట్టింది. పెరట్లో ఈ గోడ నుంచి ఆ గోడకు తీగ కట్టించి, తడి గుడ్డలు చాలకపోతే పొడి గుడ్డలు కూడా ఆరేశానంటే నమ్మండి. పాత ఇంటావిడను భోజనానికి పిలిచి, వంటింటి కంటే ముందు ఆ తీగను చూపించాను. ఆ తర్వాత చాలా ఏళ్ల పాటు మేకలు తోలుకుని పోయేవాళ్లు మా గడపకు మొక్కి పోయేవాళ్లు, మా అమ్మాయి పుస్తకాల సంచీతో వాళ్లను దాటుకుంటూ బడికి వెళ్లేది. కాలనీలు పెరిగాయి, మేకలు రావడం మానేశాయి, ముసలమ్మ కూడా ఎప్పుడో రావడం మానేసింది. ఆమె పేరేమిటో ఒక్కసారైనా అడగలేదు, ఆ సంగతి తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

కుర్చీలో కూర్చుని ఇదంతా తలచుకుంటుంటే మా అమ్మాయి ఫోనులో చూపించిన కొత్త ఫ్లాటు బొమ్మ గుర్తొచ్చింది. సోఫాలు, పరదాలు, పూలకుండీతో సహా ఇల్లంతా అందులో ఉంది, కింద పునాది గుంట ఇంకా తవ్వనే లేదు. గడప ఏదే అంటే, ఇప్పుడు గడపలు పెట్టరమ్మా, నేల నున్నగా ఉంటుంది, నీ మోకాళ్లకు మంచిదంది. నిజమే, నా మోకాళ్లకు మంచిదే. మా అమ్మాయి వాళ్లు మాలా ఒక్కో గోడకూ భయపడాల్సిన పని లేదు, సంతోషమే. కానీ శుక్రవారం పొద్దున వంగి కడగడానికి ఒక చోటు లేని ఇంట్లో నేనేం చేస్తానో నాకు తోచడం లేదు.

చివరిసారి పసుపు రాసి పోదామని బ్యాగులో పొట్లం తెచ్చుకున్నాను. లేచి దగ్గరికి వెళ్లి చూస్తే గడపకు అప్పటికే పసుపు రాసి ఉంది, రెండు చామంతులు కూడా ఉన్నాయి. తట్ట మోసే కూలీల్లో ఒకామె, పాతికేళ్లు కూడా ఉండవు, పని మొదలుపెట్టే ముందు గడపకు చెయ్యి తాకించి కళ్లకద్దుకుంది. నేను చూస్తున్నానని, “అన్ని గోడలు పడ్డా ఇది పడలేదమ్మా, తల్లి ఉన్నట్టుంది” అంది.

అది మా ఇంటి దర్వాజ అని చెప్పబోయాను. చెబితే, ఇల్లేదమ్మా అని అడుగుతుంది. బ్యాగులోని పసుపు పొట్లం తీసి ఆమె చేతిలో పెట్టాను.