గాలి ఊడదీయని తలుపు

తుఫానుకి భయపడి నేనూ మా అత్తగారూ రావులపాలెంలో మా అక్క ఇంటికి వెళ్ళాం. గాలి తగ్గాక తిరిగొచ్చేసరికి మా పెంకుటింటి వీధి తలుపు ద్వారబంధంతో సహా ఊడి అరుగు మీద పడుంది. ఇంట్లో ఒక్క చెంచా కూడా పోలేదు. గాలి పనే అనుకున్నాం. రిపేర్ల లోను ఇస్తూ బ్యాంకువాళ్ళు అంటగట్టిన ఇన్సూరెన్సు ఇన్నాళ్ళకి పనికొచ్చిందని సంతోషించాను కూడా.

నష్టం లెక్కకట్టే సర్వేయరు వచ్చి చూసేదాకా దేన్నీ కదపొద్దన్నారు ఇన్సూరెన్సు కంపెనీవాళ్ళు. గుమ్మానికి టార్పాలిన్ కట్టుకుని కూర్చున్నాం. మా వారికి రొయ్యల చెరువుల మీద పని, వారానికోసారి వస్తారు. నేను పాఠాలు చెప్పడానికి బడికి వెళితే పగలంతా అత్తగారొక్కరే. తలుపు లేని ఇంట్లో ఆవిణ్ణి వదిలి వెళ్ళాలంటే నాకు కాళ్ళాడేవి కావు. ఆవిడకి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. రోజూ ఫోను చేసి ఆ కంపెనీవాళ్ళ ప్రాణం తోడేశాను.

చివరికి సర్వేయరు వచ్చాడు. ఫొటోలు తీస్తూ తీస్తూ ఆగి, ఇంటికి తాళాలు వేసే వెళ్ళారా అని అడిగాడు. వీధి తలుపుకి బయట తాళం వేశామనీ, పెరటి తలుపుకి లోపల తాళం వేసి చెవి అత్తగారు బొడ్లో దోపుకున్నారనీ చెప్పాను. మమ్మల్నే అనుమానిస్తున్నాడనిపించి ఒళ్ళు మండింది.

"గాలి తోస్తే తలుపు లోపలికి పడాలండీ. ఇది బయటికి పడింది. లోపలివైపు గునపం పెట్టి పెకలించిన గాట్లున్నాయి, చూడండి," అన్నాడు. ఆ గాట్లని కూడా ఫొటో తీసుకుని, "మీరు తాళం వేసేటప్పటికే లోపల ఎవరో ఉన్నారండీ."

నా కోపం ఎటు పోయిందో తెలీదు. ఉన్నవి మూడు గదులు. మనిషి దాక్కునే చోటేదని చూస్తే అటక ఒక్కటే కనిపించింది. మా వైపు కురిడీ కొబ్బరి కోసం కాయల్ని అటక మీద పోసి, లోపలి నీళ్ళు ఇంకిపోయి కొబ్బరి గుండులా ఊడేదాకా నెలల తరబడి ముట్టుకోం. అన్నాళ్ళూ అటకెక్కే పని ఎవరికీ ఉండదు. పైన చప్పుడైతే ఎలకలనుకుంటాం.

నిచ్చెన వేసుకుని సర్వేయరు ఎక్కాడు, వెనకాలే నేను. కాయల్ని పక్కకి నెట్టి, మనిషి పొడుగున చోటు చేసుకుని, ఎవరో గోనెసంచులు పరుచుకున్నారు. పక్కనే అరటిపళ్ళ తొక్కల కుప్ప. ఒక్కరోజు తిన్నవి కావవి.

గాలి నష్టం కింద రాయలేననీ, పోలీసు కంప్లయింటు ఇస్తే ఏమీ పోకపోయినా దొంగలు పడ్డ కేసు కింద క్లెయిము పెట్టొచ్చనీ చెప్పి ఆయన వెళ్ళిపోయాడు. అలాగే చేశాం. పోలీసులు వచ్చి చూసి వెళ్ళారు కానీ ఎవరూ దొరకలేదు. కాయలన్నీ ఎండకుండానే దింపించేశాను. క్లెయిము డబ్బు రాగానే టేకు తలుపు పెట్టించి, లోపల రెండు గడియలు వేయించాను.

వడ్రంగి వెళ్ళాక అత్తగారికి ఆ గడియలు వేసి చూపించాను. ఇక భయం లేదన్నాను. ఆ మాట ఆవిడతో అన్నానే కానీ నిజానికి నాకు నేనే చెప్పుకున్నాను. ఆవిడ తలుపు కేసి చూడలేదు. మంచం మీద కూర్చుని ఖాళీ అటక కేసి చూస్తున్నారు.

"పగటిపూట పైన ఎవరో దగ్గినట్టుండేదమ్మా," అన్నారు. "పోయిన మీ మావగారే అనుకున్నాను. ఆయన దగ్గూ అలాగే ఉండేది. ఇంక భయమెందుకూ? కబుర్లు చెప్పుకునేదాన్ని."

ఏం చెప్పేవారని అడిగాను.

"అన్నీను. అబ్బాయి ఏయే రోజుల్లో ఇంట్లో ఉండడో, నువ్వు బడి నుంచి ఏ దారంట వస్తావో..." అంటూ కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. "ఊఁ కొట్టేరు కూడానమ్మా."