పక్కింటి దస్తావేజు

మధురవాడలో మేముంటున్న అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు వాళ్ళు ఆదివారం ఎండు నెత్తళ్ళ చేపలు వేయిస్తే, సాయంత్రానికల్లా అసోసియేషన్ సెక్రటరీకి నాలుగు ఫిర్యాదులు వెళ్తాయి. లిఫ్టులో జనం ముక్కు మూసుకుని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. పుట్టి బుద్ధెరిగాక గుడ్డు కూడా ముట్టని నేను మాత్రం వంటింటి కిటికీ తెరిచి నిలబడతాను. మా ఆవిడ చూసి, నూకాలప్ప గుర్తొచ్చిందా అంటుంది. ఆ వాసన పోయేదాకా కిటికీ వెయ్యను.

వన్ టౌన్‌లో మా నాన్నకి ఎండు మిరపకాయలు, చింతపండు అమ్మే హోల్‌సేల్ కొట్టు ఉండేది. బేరం మాకు ఉగ్గుపాలతో అబ్బిన విద్య. దాంట్లో మొదటి పాఠం, కావలసిన సరుకుని ముందు తిట్టడం. మిర్చి బస్తా నచ్చితే నాన్న ఒక కాయ తుంచి, ముఖం అదోలా పెట్టి, రంగే లేదు కదయ్యా అనేవారు. మరీ నచ్చితే రెండు తుమ్ములు తుమ్మి చెమ్మ వాసనొస్తోందనేవారు. నేను ఆయన్ని మించాను. పెళ్ళిచూపులకి వెళ్ళినప్పుడు, పిల్ల నచ్చిన సంతోషంలో, ఆ ఇంటి గుమ్మం ఎత్తు తక్కువని అన్నాను. మా మామగారు నన్ను ఇప్పటికీ క్షమించలేదు.

పెళ్ళయ్యాక మా కాపురం ఆ కొట్టు వెనక గదిలోనే. తొంభైల చివర్లో పాప పుట్టింది. గోడ అవతల బస్తా కదిపితే చాలు, ఆ ఘాటుకి పిల్ల ఊపిరాడనట్టు దగ్గేది. డాక్టరు రెండుసార్లు మందు మార్చి, మూడోసారి, మందు కాదు, ఇల్లు మార్చండి అన్నాడు.

సముద్రం వైపు దిగే ఒక సందులో చిన్న డాబా ఇల్లు అమ్మకానికొచ్చిందని తెలిసింది. అమ్మే మనిషి అప్పలనాయుడు గారు, గుమాస్తాగా రిటైరైన పెద్దాయన. ఇల్లు చూడగానే నచ్చింది. నచ్చింది కాబట్టి తిట్టడం మొదలుపెట్టాను. మెట్లు ఇరుకన్నాను, నూతి నీళ్ళు ఉప్పన్నాను. ఆయన చలించలేదు. అప్పుడు పక్కింటి డాబా మీద పరిచిన ఎండు చేపలు నా కంటబడ్డాయి. సందు మధ్యలో నిలబడి, పదిమందికీ వినబడేలా, ఈ కంపు పక్కన ఎవరు కాపురం చేస్తారండీ, ఊరికే ఇచ్చినా ఆలోచించాలి అన్నాను. డాబా మీద చేపలు తిరగేస్తున్న ఆవిడ ఒక్క క్షణం ఆగి, నా వైపు చూసి, మళ్ళీ తన పనిలో పడింది. ధర తగ్గింది. అడ్వాన్సు ఇచ్చి, మూడు నెలల గడువుతో అగ్రిమెంటు రాసుకున్నాం. ఆ రోజు ఇంటికి నడిచొచ్చానో గాల్లో తేలొచ్చానో గుర్తులేదు.

బ్యాంకు వాళ్ళు నన్ను నేలమీదికి దించారు. ఇల్లు నాయుడు గారికి తండ్రి నుంచి వచ్చింది. ఆ తండ్రి స్థలం కొన్నప్పటి దస్తావేజు, అంటే లింకు డాక్యుమెంటు, కావాలన్నారు. నాయుడు గారు ట్రంకుపెట్టె తెరిచి చూపించారు. అడుగున చెదలు మిగిల్చిన మట్టి తప్ప ఏమీ లేదు. కాగితం లేనిదే లోను లేదు, లోను లేనిదే ఇల్లు లేదు. గడువు దాటితే అడ్వాన్సూ పోతుంది, పాప ఆ మిరప గదిలోనే ఉండిపోతుంది.

రిజిస్ట్రారు ఆఫీసు ముందు కూర్చునే డాక్యుమెంట్ రైటరు నా గోడంతా విన్నాడు. నకలు తీయించుకోవచ్చు కానీ నంబరో, సంవత్సరమో తెలియాలన్నాడు. నాయుడు గారికి రెండూ తెలియవు. అయితే వాళ్ళ నాన్న, పక్కింటావిడ మామగారు కలిసి ఒకే ఆసామి దగ్గర, ఒకే రోజు చెరో స్థలం కొన్నారని మాత్రం ఆయనకి గుర్తుంది. రైటరు కళ్ళజోడు సవరించుకుని, ఇంకేం, ఆవిడ దస్తావేజు పట్టుకురండి, దాని పక్క నంబరే మీది అన్నాడు.

పక్కింటావిడ అంటే ఆ చేపలావిడే.

అక్కని మా వైపు అప్ప అంటారు. వయసుకి మా అమ్మంతదైనా సందంతటికీ ఆమె నూకాలప్పే. గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి సంగతి చెప్పాను. ఆమె తాపీగా విని, "ఆ కాగితం సేపల పక్కన పెట్టిలో ఉంది బాబూ. కంపు కొడతాది, నీకెందుకులే" అంది. రెండోసారి మా కొట్లో ఉన్నవాటిలోకెల్లా మంచి చింతపండు పట్టుకెళ్ళాను. ఒక రెబ్బ నోట్లో వేసుకుని చప్పరించి, "ఊరికే ఇచ్చినా ఆలోసించాల" అని బుట్ట నా వైపు తోసేసింది.

గడువు ఇంకా పన్నెండు రోజులుందనగా, పాపని డాక్టరుకి చూపించి వస్తూ అలాగే భుజాన వేసుకుని మళ్ళీ వెళ్ళాను. పాప దగ్గింది. నూకాలప్ప చేపలు తిరగెయ్యడం ఆపి కిందికి దిగి వచ్చింది. "ఏటి, ఆ దగ్గేటి?" అంది. చెప్పాను. ఆ సందులో అడుగుపెట్టాక బేరం కలపకుండా నేను మాట్లాడిన మొదటి మాటలు బహుశా అవే.

ఆమె పిల్ల వీపు మీద చెయ్యి వేసి నిమిరింది. తర్వాత అంది. "నలబై ఏళ్ళు గంప నెత్తినెట్టుకుని తిరిగాను. ధర తగ్గించమన్నోళ్ళకి తగ్గించాను. సేప కుళ్ళిందన్నోడికి మాత్రం ఎప్పుడూ ఇవ్వలేదు. కుళ్ళిందని నోటితో అనీసి, అదే అట్టుకెల్లి పిల్లలకెలా ఎడతాడు? నువ్వూ అంతే కదేటి. ఈ పిల్లని ఆ పాడు ఇంట్లోనే పడుకోబెడతావేటి?"

మేము చేపలు తినమప్పా అని గొణిగాను. "తినకపోతే ఏటి, నీలాంటోళ్ళని రోజుకి పదిమందిని సూసాను" అంది. కాగితం కావాలంటే, ఎక్కడ తిట్టానో అక్కడే నిలబడి ఇల్లు బాగుందని చెప్పాలంది.

నాయుడు గారు అరుగు మీద పేపరు చదువుకుంటున్నారు. సందు మధ్యకి వెళ్ళి, మీ ఇల్లు బాగుందండీ అన్నాను. ఆయన పేపరు దించి నన్ను అనుమానంగా చూసి, "రాసుకోవడం అయిపోయింది కదయ్యా, ఇంకేం తగ్గించను" అన్నారు. వెనక నుంచి నూకాలప్ప, "మళ్ళీ సెప్పు, నాకినబళ్ళేదు" అంది. గట్టిగా చెప్పబోయాను. అప్పటికి సముద్రపు గాలికి పాప నా భుజం మీదే నిద్రపోయింది, దగ్గు లేకుండా. చాలా బాగుందండీ, మాకీ ఇల్లే కావాలండీ అన్నాను. ఆ మాట తర్వాత బేరానికి ఇంక నా దగ్గరేమీ మిగలదని తెలిసే అన్నాను.

ఆమె రేకుపెట్టెలోంచి, పాత చీర ముక్కలో చుట్టిన దస్తావేజు తెచ్చి నా చేతిలో పెట్టింది. చేపల వాసన కొట్టింది నిజమే. హద్దుల దగ్గర, పడమర ఇదే దినమున విక్రయించిన స్థలము అని, నాయుడు గారి తండ్రి పేరుంది. పక్క నంబరుకి నకలు తీయిస్తే అది మా ఇంటిదే. అసలు దస్తావేజు పోయినట్టు పేపర్లో ప్రకటన వేయించి, నకలు బ్యాంకులో ఇచ్చాం. గడువుకి రెండు రోజుల ముందు రిజిస్ట్రేషను అయింది. తగ్గించిన ధర మాత్రం నాయుడు గారికి తిరిగివ్వలేదు. అంత మారిపోతే మా నాన్న నన్ను గుర్తుపట్టేవారు కాదు.

ఆ పక్కపక్క ఇళ్ళలో ఏడెనిమిదేళ్ళు ఉన్నాం. నూకాలప్ప డాబా మీద కాకుల్ని తోలుతూ మా పాప పెరిగింది. దగ్గు ఎప్పుడు పోయిందో ఎవరం గమనించలేదు. తర్వాత ఆమెకి మోకాళ్ళు పట్టేశాయి. కొడుకులు ఇల్లు అమ్మేశారు. ఆమె కూర్మన్నపాలెంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. పక్క డాబా ఖాళీ అయ్యాక మా ఇల్లు మరొకరి ఇల్లులా అనిపించేది. పాప రోజూ ఒకసారి పైకెక్కి అటు చూసి దిగిపోయేది.

ఒకసారి చూడ్డానికి వెళ్ళాను. మంచం మీద లేచి కూర్చుని, నాను లేకపోతే ఇల్లు ఎలాగుందీ అని అడిగింది. నువ్వు లేక బావులేదప్పా అనే మాట నోటిదాకా వచ్చింది. "హాయిగా ఉందప్పా, ముక్కుకి పని తగ్గింది" అన్నాను. ఆమె కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. ఈసారి వచ్చినప్పుడు అసలు మాట చెబుదామనుకున్నాను. కొట్లో సీజను, పాప పరీక్షలు, అదీ ఇదీ. మళ్ళీ వెళ్ళేసరికి ఆమె లేదు.

కొన్నేళ్ళకి మేమూ ఆ ఇల్లు వదిలి మధురవాడ వచ్చేశాం. ఇప్పుడు బజారుకి వెళ్తే ముందు బాగుందంటాను, తర్వాతే ధర అడుగుతాను. అమ్మేవాడి కళ్ళు మెరుస్తాయి, ధర ఒక మెట్టు ఎక్కుతుంది, మా ఆవిడ మోచేత్తో పొడుస్తుంది. బేరం ఆడకుండా ఉండను, పుట్టి పెరిగింది కొట్లో మరి. సరుకుని మాత్రం ఒక్క మాట అనను. చెప్పవలసిన మనిషికి చెప్పవలసినప్పుడు చెప్పలేకపోయాను. అందుకే కాబోలు, ముక్కూ మొహం తెలియని వాళ్ళందరికీ చెప్పుకుంటూ తిరుగుతున్నాను.