మౌంట్ నెబో తరఫున

మా లిటిల్ జోర్డన్ చర్చిలో ఏడాదికొకసారి కాలేజీ ఆదివారం అని జరిపేవాళ్ళు. ఆ రోజు ప్రసంగం ముగిశాక పాస్టరుగారు చెమట తుడుచుకుంటూ కుర్చీలో కూర్చుని, "సిస్టర్ క్రెన్‌షా, ఇక నువ్వు రామ్మా" అనేవారు. ముందు వరసలోంచి పొట్టిగా, బొద్దుగా ఉన్న ఒకావిడ లేచి, టోపీ సర్దుకుని, వేదిక ఎక్కకుండా కిందనే మా మధ్య నిలబడేది. ఆవిడే లూవీనియా క్రెన్‌షా. క్యాస్‌వెల్ ఊళ్ళో మూడో తరగతి పంతులమ్మ. అదే ఊళ్ళో ఉన్న మౌంట్ నెబో కాలేజీలో చదువుకుంది. ఆ కాలేజీకి పిల్లల్ని పంపమని, చేతనైనంత ఇమ్మని అడగడానికి దక్షిణ అలబామాలో మా నల్లవాళ్ళ చర్చి ఉన్న మట్టిరోడ్డల్లా తిరిగేది.

బానిసత్వంలోంచి బయటపడిన తరంవాళ్ళు, తామే ఇటుకలు కాల్చి కట్టుకున్న కాలేజీ అది. తెల్లవాళ్ళ యూనివర్సిటీలు మమ్మల్ని గేటు దగ్గరే ఆపేసిన రోజుల్లో మా చుట్టుపక్కల పంతుళ్ళు, నర్సులు, పాస్టర్లు అక్కడినుంచే వచ్చారు. తర్వాత ఆ గేట్లు తెరుచుకున్నాయి. అప్పుడు మావాళ్ళే, ఇంకా ఆ పాత కాలేజీ ఎందుకని అడగడం మొదలుపెట్టారు.

నాకు పదిహేడేళ్ళప్పుడు మా చర్చిలో బ్రదర్ పర్విస్ అనే ఆయన వెనక బల్లమీంచి అడిగాడు. "సిస్టర్, మీ కాలేజీ కప్పు కారుతుందట కదా?"

"కారుతుంది బ్రదర్. కింద బకెట్ పెట్టి పాఠాలు చెబుతున్నాం. మీ ఇంటి కప్పు కారినప్పుడు మీ పిల్లల్ని తీసుకెళ్ళి పక్కింటివాళ్ళకి ఇచ్చేశారా?"

అందరూ నవ్వారు. పర్విస్ కూడా నవ్వి, విసనకర్ర ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆవిడ మాత్రం నవ్వలేదు. "స్టేట్ యూనివర్సిటీకి వెళితే మీ పిల్ల బాగా చదువుకుంటుంది. నేను కాదనను. కానీ మధ్యలో ఒకరోజు మీ పిల్ల క్లాసుకి రాకపోతే, ఎందుకు రాలేదని తలుపు తట్టేది ఎవరు? మా దగ్గర తడతారు" అంది. ఆ మాటకే నేను మౌంట్ నెబోలో చేరాను.

ఆ మధ్యాహ్నం చర్చి వెనక భోజనాలప్పుడు మా అమ్మ ఒక ప్లేటులో వేయించిన చేప, ఆకుకూర, మొక్కజొన్న రొట్టె పెట్టుకుని బయట నిలిపి ఉన్న కారు దగ్గరికి వెళ్ళింది. అందులో పొడుగాటి మనిషి ఒకాయన అద్దాలు దించుకుని కూర్చున్నాడు. ఆయన హోసియా క్రెన్‌షా, ఆవిడ భర్త.

"లోపలికొచ్చి తినొచ్చుగా బ్రదర్ క్రెన్‌షా" అంది అమ్మ.

"చర్చి ప్లేటైతే ఇవ్వమ్మా. కాలేజీ ప్లేటైతే వద్దు."

అమ్మ ప్లేటు ఇచ్చి వచ్చి, ఆయన సంగతి దారిలో నాకు చెప్పింది.

వాళ్ళకి ఒక్కడే కొడుకు, ఎజ్రా. మౌంట్ నెబో గాయకబృందంలో మంద్రస్థాయి పాడేవాడు. ఏటా వసంతంలో ఆ బృందం ఉత్తరాది చర్చీలకు వెళ్ళి పాడి, కాలేజీ కోసం చందాలు పోగుచేసుకొచ్చేది. ఎజ్రా మూడో ఏడు చదువుతుండగా, తిరిగి వచ్చేటప్పుడు టెనెసీలో వాన పడుతోంది. కాలేజీ వ్యాను టైరు పేలి బండి పల్లంలోకి దొర్లింది. మిగతావాళ్ళు దెబ్బలతో బయటపడ్డారు. ఎజ్రా పోయాడు.

ఇక లూవీనియా ఆ కాలేజీ పేరెత్తదని ఊరంతా అనుకున్నారు. నెల తిరక్కుండా వచ్చిన కాలేజీ ఆదివారంనాడు ఆవిడ తన సొంత చర్చిలో లేచి నిలబడింది. "ఎవరైనా మీ బిడ్డని పంపండి" అని మాత్రం అని కూర్చుంది. హోసియా ఆ మాట వింటూనే లేచి బయటికి నడిచాడు.

ఆ రోజు ఇంటికి వెళ్ళాక ఏం జరిగిందో చాలా ఏళ్ళ తర్వాత లూవీనియాయే నాకు చెప్పింది. హోసియా వంటింట్లో నిలబడి, "ఆ కాలేజీ నా కొడుకుని పొట్టన పెట్టుకుంది. నువ్వెళ్ళి ఇంకొకళ్ళ కొడుకుని అడుగుతున్నావు. నీకు మతి ఉందా?" అన్నాడట.

"వాడికి అదంటే ప్రాణం హోసియా."

"ఆ ప్రాణమే పోయింది."

మరుసటి శనివారం పక్క ఊరి చర్చికి వెళ్ళడానికి ఆవిడ ఎవరి కారో అడగబోతుంటే ఆయన తాళంచెవులు తీసుకుని వాకిట్లోకి వచ్చాడు. "ఇంకొకళ్ళ బండి ఎక్కావంటే ఊరుకోను. నేను తీసుకెళ్తాను. లోపలికి మాత్రం రాను." ఆ రోజు మొదలు ప్రతి చర్చికీ ఆయనే తీసుకెళ్ళాడు. బయలుదేరే ముందు మోకాళ్ళమీద కూర్చుని నాలుగు టైర్లూ చేత్తో తడిమి చూసుకునేవాడు. ఆవిడ లోపల మాట్లాడినంతసేపూ బయట కారులోనే ఉండేవాడు. కాలేజీ గేటులోపల మాత్రం మళ్ళీ అడుగు పెట్టలేదు.

నేను కాలేజీలో ఉన్న నాలుగేళ్ళూ ఆదివారాలు వాళ్ళింట్లోనే తిన్నాను. ఇంటికి దూరంగా ఉన్న పిల్లలందరికీ ఆవిడ వండేది. మేం రాగానే హోసియా తన ప్లేటు పట్టుకుని వెనక వరండాలోకి వెళ్ళిపోయేవాడు. మొదట్లో నాకు బాధగా ఉండేది. ఒకసారి నీళ్ళకోసం లేచి వాకిట్లోకి చూస్తే, ఆయన మా పిల్లల కార్ల పక్కన వంగి ఒక్కొక్క టైరూ నొక్కి చూస్తున్నాడు. ఒక కుర్రాడి కారు టైరు బాగా అరిగిపోయిందేమో, మేం తినడం అయ్యేలోగా దాన్ని విప్పి తన దగ్గరున్నది బిగించాడు. ఆ పిల్లవాడు థాంక్స్ చెప్పబోతే, "రోడ్డు చూసుకుని నడుపు" అని లోపలికి వెళ్ళిపోయాడు.

చదువయ్యాక నేను క్యాస్‌వెల్ బడిలోనే పంతులమ్మగా చేరాను. లూవీనియా రిటైరైంది, తిరగడం మాత్రం ఆపలేదు. ఏటికేడాది కాలేజీలో పిల్లలు తగ్గారు. ఒక హాస్టలు మూసేశారు. తర్వాత సైన్సు భవనం పైఅంతస్తు మూసేశారు. ఆవిడ ప్రతిదానికీ పట్టుబట్టి ప్రార్థించేది. రాజధానికి వెళ్ళి శాసనసభ్యుల గుమ్మాల ముందు కూర్చునేది. ఒకాయన విసుక్కుని, "అమ్మా, ఎన్నిసార్లు వస్తావు?" అంటే, "మీరు బయటికొచ్చి మాట్లాడిన రోజున మానేస్తాను నాయనా" అందట.

డెబ్బైకి దగ్గరపడుతుండగా ఆవిడకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. మాట ముద్దముద్దగా వచ్చేది. అందరినీ మాటలతో నిలబెట్టిన మనిషి నీళ్ళు కావాలని చెప్పడానికి కూడా కష్టపడుతుంటే చూడలేకపోయేవాళ్ళం. ఆ ఏడాదే, కాలేజీలకి గుర్తింపు ఇచ్చే సంఘం నుంచి, మా కాలేజీ గుర్తింపు తీసేస్తున్నట్టు కబురు వచ్చింది. భవనాలు బాగాలేవు, నడపడానికి నిధులు లేవు అన్నారు. గుర్తింపు లేకపోతే పిల్లలకు ప్రభుత్వ సాయం రాదు. సాయం లేకపోతే మా పిల్లలెవరూ చదవలేరు. చివరిసారి చెప్పుకోవడానికి అట్లాంటాలో ఒక హోటల్లో విచారణ పెట్టారు.

కాలేజీ ప్రెసిడెంటు విట్లో గారు ఇంటికి వచ్చి, "సిస్టర్, మీరు రాలేరు. మీ పేరు మీద నేనే చెబుతాను" అన్నారు. ఆవిడ ఎడమచేత్తో బల్లమీద కొట్టి, "నేను. నేను" అంది.

హోసియా తాళంచెవులు తీసుకున్నాడు. నేను వెనక సీట్లో కూర్చున్నాను.

అట్లాంటాలో ఆయన హోటలు బయటే ఆగిపోతాడనుకున్నాను. కానీ చక్రాల కుర్చీ తోయాలి కాబట్టి లోపలికి వచ్చి, హాల్లో చివరి వరసలో గోడకి ఆనుకుని నిలబడ్డాడు. పొడుగాటి బల్ల వెనక కూర్చున్న సంఘం పెద్దల్లో మావాళ్ళు కూడా ఉన్నారు. అధ్యక్షురాలు మావాళ్ళ మనిషే, పెద్దావిడ. లూవీనియా వంతు వచ్చింది. "మా... మా కాలే..." దగ్గర మాట ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అక్కడే ఆగింది. పెదవులు కదులుతున్నాయి, శబ్దం రావడం లేదు. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.

"తొందరేం లేదమ్మా. చెప్పలేకపోతే ఫరవాలేదు. మీరు వచ్చిన సంగతి మేం గుర్తుంచుకుంటాం" అంది అధ్యక్షురాలు మెల్లగా.

అప్పుడు వెనకనుంచి హోసియా నడుచుకుంటూ వచ్చి భార్య కుర్చీ మీద చెయ్యి వేశాడు.

"నా పేరు హోసియా క్రెన్‌షా అండి. కలప మిల్లులో పనిచేశాను. నాకు ఈ కాలేజీ అంటే గిట్టదు. నా కొడుకు వాళ్ళ వ్యానులో పోయాడు. టైర్లు అరిగిపోయాయి, కొత్తవి వేసే స్తోమత వాళ్ళకి లేదు. వీళ్ళకి స్తోమత లేదని మీరు ఇవాళ అంటున్నారు. నాకది ఇరవై రెండేళ్ళ కిందటే తెలుసు."

విట్లో గారు తల దించుకున్నారు.

"అయినా ఈవిడ ఆగలేదు. నేను బయట కారులో కూర్చుని ఈవిడ చెప్పేది కిటికీలోంచి వింటూ వచ్చాను. వినకూడదనుకున్నా వినబడేది. ఈవిడ అడిగి తెచ్చిన పిల్లలు ఇప్పుడు మా ఊళ్ళో పెద్దవాళ్ళయ్యారు. నాకు బీపీ చూసే నర్సు అక్కడే చదివింది. ఇదిగో, ఈ పిల్లా అక్కడే చదివింది. మా ఎజ్రా వాళ్ళకోసం పాడటానికే వెళ్ళాడు. మీరు దాన్ని మూసేస్తే, వాడు దేనికోసం వెళ్ళాడో చూపించడానికి నాకు ఇంకేం మిగలదు. నాకు మాట్లాడటం రాదండి. ఈవిడ బాగుంటే ఈవిడే చెప్పేది."



తిరిగొచ్చేటప్పుడు కారులో, జార్జియా దాటాక లూవీనియా ఒక్కొక్క అక్షరమే కూడదీసుకుని, "వి... నే... వాడివా?" అంది.

"వినక ఏం చెయ్యను? రేడియో పాడై ఎన్నాళ్ళైందో నీకు తెలియదూ" అన్నాడు హోసియా రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. ఆవిడ నవ్వబోయింది, ఏడుపు వచ్చింది. ఆయన ఒక చెయ్యి చాచి ఆవిడ పడిపోయిన చేతిని పట్టుకున్నాడు. క్యాస్‌వెల్ వచ్చేదాకా వదల్లేదు.

వేసవి మొదట్లో నిర్ణయం చెప్పారు. గుర్తింపు తీసేశారు. మౌంట్ నెబో మూతపడింది.

ఆ తర్వాత కొన్ని వారాలు లూవీనియా చర్చికి రాలేదు. ఊళ్ళోవాళ్ళు పుట్టి బుద్ధెరిగాక ఆవిడ ఆదివారం ఇంట్లో ఉండటం ఎప్పుడూ చూడలేదు. ఒక మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి వరండాలో కూర్చుని ఖాళీ వీధికేసి చూస్తోంది. పక్కన కూర్చున్నాను. అప్పటికి ఆవిడ మాట కొంచెం తేరుకుంది.

"అడిగాను రోవీనా. ఇన్నేళ్ళూ దేవుణ్ణి అడిగాను. ఆయన విన్నాడు."

"విని ఇలా చేశాడా అమ్మా?"

"విని కాదన్నాడు. కాదన్నవాళ్ళతో కూడా మాట్లాడుతూనే ఉండాలి. హోసియాతో ఇన్నేళ్ళూ నేను చేసిందేమిటి మరి?" అని, "కానీ నొప్పిగా ఉంది తల్లీ. చాలా నొప్పిగా ఉంది" అంది.

మర్నాడు ఆవిడ హోసియాని టెలిఫోను దగ్గర కూర్చోబెట్టింది. కాలేజీలో మిగిలిపోయిన పిల్లలకోసం మావాళ్ళవే మిగతా కాలేజీలన్నిటికీ ఆయనచేత ఫోన్లు చేయించింది. ఆవిడ పక్కనుంచి మాట అందించేది, ఆయన గట్టిగా చెప్పేవాడు. "హలో, నేను మౌంట్ నెబో తరఫున మాట్లాడుతున్నానండి" అని ఆయన నోట మొదటిసారి విన్నప్పుడు నేను వంటింట్లోకి వెళ్ళి నిలబడిపోయాను. ఫోనులో అవతలివాళ్ళు మీరక్కడ ఏం చేసేవారని అడిగితే, "ఏమీ చెయ్యలేదండి. డ్రైవర్ని" అనేవాడు.

చాలామందికి టస్కేగీలో, సెల్మాలో, ఇంకా దూరంలో చోటు దొరికింది. అందరికీ కుదరలేదు. కెటూరా అని ఒక పిల్ల ఉండేది. నర్సు కావాలని వచ్చింది, ఇంక ఒక్క ఏడాదిలో అయిపోయేది. తల్లి జబ్బుమనిషి కావడంతో ఇంకో ఊరు వెళ్ళలేకపోయింది. కోళ్ళు కోసే ఫ్యాక్టరీలో చేరింది. లూవీనియా మాట మీద హోసియా, చదువు మానొద్దని చెప్పడానికి, ఆ పిల్ల షిఫ్టు అయ్యే వేళకి ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఆ పిల్ల వచ్చి, "మిస్టర్ క్రెన్‌షా, మీరు రావొద్దు. మిమ్మల్ని చూస్తే నాకు పని చెయ్యబుద్ధి కాదు" అంది. ఆయన ఇంటికి వచ్చి ఆ మాట భార్యకి చెప్పలేక, ఆ పిల్ల కనబడలేదన్నాడు. ఆవిడ నమ్మినట్టే ఊరుకుంది.

ఆ చలికాలం చివర్లో రెండోసారి పక్షవాతం వచ్చి లూవీనియా పోయింది. అంత్యక్రియలకు ఎక్కడెక్కడి చర్చీలవాళ్ళో వచ్చారు. లోపల చోటు చాలక బయట గడ్డిలో నిలబడ్డారు. మౌంట్ నెబోలో చదివినవాళ్ళు లేవండి అని పాస్టరుగారు అంటే, దాదాపు సగం మంది లేచారు. హోసియా కూర్చునే, మెడ తిప్పి, లేచినవాళ్ళని వరసవరసగా చూశాడు. తలుపు దగ్గర కెటూరా రబ్బరు బూట్లలోనే నిలబడి ఉంది, షిఫ్టు మధ్యలో వచ్చినట్టుంది. ఆయన ఆమెను చూసి బల్ల మీద తన పక్కన చోటు చూపించాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. పాట అయ్యేదాకా, లేచినవాళ్ళతోపాటు నిలబడే ఉండి, మళ్ళీ షిఫ్టుకి వెళ్ళిపోయింది.